మూడోనాటి మాట

వశిష్ఠకు ఎర్రనీళ్లు దిగే రోజులు. రాజోలులో మా బడి పెంకుల మీద వాన దంచి కొడుతోంది. ఆ చప్పుడులో పాఠం ఎవరికీ వినబడదు కనక తెలుగు మాస్టారు పుస్తకం మూసేసి, బల్ల అంచున కూర్చుని, "ఒరేయ్, వెనక బెంచీలవాళ్లంతా ముందుకొచ్చెయ్యండి. కథ చెప్తాను" అన్నారు.

ఉసిరికాయల కథ అది. రష్యాలో ఒక గుమాస్తా. పల్లెలో చిన్న తోట కొనుక్కోవాలి, అందులో ఉసిరి మొక్కలు వేసుకోవాలి, తన చెట్టు కాయ తను తినాలి. జన్మంతా అదే ధ్యాస. కడుపు కట్టుకుని కూడబెట్టాడు. డబ్బుందని ఒక వయసు మళ్లిన విధవరాలిని పెళ్లాడి, ఆవిడ సొమ్ము తన పేర బ్యాంకులో వేసుకుని, ఆవిడని అర్ధాకలితో మాడ్చాడు. మూడేళ్లు తిరక్కుండా ఆవిడ పోయింది. తోట వచ్చింది. ఇరవై మొక్కలు వేశాడు. మొదటి కాపు పళ్లెంలో పెట్టి తెస్తే కళ్లనీళ్లు తిరిగి కాసేపు మాట రాలేదతనికి. నోట్లో వేసుకుని ఎంత బాగున్నాయో అన్నాడు. చూడ్డానికొచ్చిన అన్నగారు కూడా తిన్నాడు. గట్టిగా, పుల్లగా ఉన్నాయి. ఆ రాత్రి పక్కగదిలోంచి తమ్ముడు మాటిమాటికీ లేచి పళ్లెం దగ్గరికి వెళ్లి ఒక్కొక్క కాయే తీసుకు తినడం అన్నగారికి వినబడుతూనే ఉంది.

సుఖంగా ఉన్న ప్రతి మనిషి గుమ్మం వెనకా ఒకడు సుత్తి పట్టుకుని నిలబడాలని, లోకంలో కష్టపడేవాళ్లున్నారని కొట్టి కొట్టి గుర్తు చెయ్యాలని ఆ అన్నగారు అన్న చోట మాస్టారు చేతికర్రతో బల్ల మీద టక్కు టక్కుమని కొట్టారు. వాన చప్పుడు మీంచి కూడా అది వినబడింది. ఇప్పటికీ వినబడుతూనే ఉంది.

మా కళ్లకి మాత్రం కనబడ్డది ఉసిరిచెట్టే. ఇరవై చెట్లంటే పెద్ద తోపే గదా అనుకున్నాం. రష్యావాళ్ల గూస్‌బెర్రీ నడుమెత్తు ముళ్లపొద అనీ, కాయ ఆకుపచ్చగా, సన్నటి చారలతో గోలీకాయంత ఉంటుందనీ తెలిసేసరికి నాకు మీసాలొచ్చాయి.

మాస్టారికి ఆ కథ ఎలా చేరిందో చెప్పడం కష్టం కాదు. ఆ కాలంలో మా వైపు ఊళ్లకి విశాలాంధ్ర వాళ్ల పుస్తకాల వ్యాను వచ్చేది. మాస్కోలో ప్రగతి ప్రచురణాలయం అచ్చేసిన తెలుగు పుస్తకాలు, గట్టి అట్టలు, మంచి కాగితం, ధర మాత్రం చేతిలో చిల్లరకి అందేది. ఉప్పల లక్ష్మణరావు గారు, రాళ్లబండి వెంకటేశ్వరరావు గారు మాస్కోలోనే ఉండి ఆ అనువాదాలు చేశారు. కొబ్బరి ఒలుపు చేసుకునేవాళ్ల ఇంట్లో కూడా గూట్లో ఒక గోర్కీ, ఒక టాల్‌స్టాయ్ ఉండేవారంటే ఆ వ్యాను చలవే. మా మాస్టారు తెచ్చింది అట్ట ఊడిన సంకలనం. రకరకాల రచయితల కథలు ఒక్కొక్కటే. అందులో అంతోన్ చెహోవ్ వంతు ఆ ఒక్క కథ.

నేను దాన్ని కంఠతా పట్టాను. సుత్తి మనిషి గురించిన ఆ ప్రసంగంతో వక్తృత్వపు పోటీలో నెగ్గాను. ఎక్కడ ఎవరు చెహోవ్ పేరెత్తినా అదే చెప్పేవాణ్ణి. మహానుభావుడు మనకి చెప్పదలచుకున్న మాట ఇదీ అని. పదిహేనేళ్లు అలాగే నమ్మాను.

పదిహేనేళ్ల తర్వాత రాజమండ్రిలో పాత పుస్తకాల బండి మీద ఒక ఇంగ్లీషు అనువాదం దొరికింది. దాంట్లో నా ఉసిరికాయల కథకి ముందొక కథ ఉంది, తర్వాతొక కథ ఉంది. మూడింట్లోనూ ఆ మనుషులే. నేను ఇల్లనుకున్నది నడిమిగది. అటు వీధిగుమ్మం ఉంది, ఇటు పెరడు ఉంది. రెంటినీ చూడకుండా ఇంత కాలం ఆ ఒక్క గదిలో నిలబడి ప్రసంగాలు చేశాను.

*

1898 మే నెల. మాస్కోకి దక్షిణాన సుమారు 70 కిలోమీటర్ల దూరంలో మెలిహొవో అనే పల్లె. 38 ఏళ్ల డాక్టరు చెహోవ్ చలికాలమంతా ఫ్రాన్సులోని నీస్‌లో గడిపి ఇంటికొచ్చాడు. కిందటేడు మార్చిలో మాస్కోలో ఒక హోటల్లో భోజనానికి కూర్చున్నవాడు నోట్లోంచి రక్తం పడి ఆస్పత్రి పాలయ్యాడు. క్షయ అని తోటి డాక్టర్లు తేల్చారు. తనకది అంతకుముందే తెలుసు, పైకి ఒప్పుకోలేదు.

మెలిహొవో ఆయన 1892లో అప్పు చేసి కొన్నది. తాత అర్ధబానిస, రొక్కం కట్టి విడుదలైనవాడు. అలాంటి ఇంటి మనవడికి సొంత నేల, చెరువు, పళ్లచెట్లు. ఊళ్లో రైతులకి వైద్యం చేశాడు. కలరా వస్తే జీతం లేకుండా చుట్టుపక్కల పల్లెలన్నీ తిరిగాడు. బళ్లు కట్టించాడు. తండ్రి పావెల్ యెగొరోవిచ్ ఇంటికొచ్చినవాళ్ల పేర్లు, ఆ రోజు ఎండో వానో అన్నీ రోజూ ఒక పుస్తకంలో రాసేవాడు. తోటలో చిన్న చెక్క ఇల్లొకటి కట్టించుకున్నాడు చెహోవ్. 'సీగల్' నాటకం అందులోనే పుట్టింది.

ఆ వేసవిలో రాయబుద్ధి కావడం లేదు. కలం పట్టుకోవాలంటేనే రోత. బొద్దింకను తీసేసిన క్యాబేజీ చారు తాగమన్నట్టుందని జూలైలో లిదియా అవీలవా అనే స్నేహితురాలికి రాశాడు. ఈ మాట గుర్తుంచుకోండి. ఆవిడ పేరు కూడా. ఆ రోతలోనే, ఆ జూన్, జూలై నెలల్లోనే మూడు కథలూ కలంలోంచి దిగాయి. మొదటిది 'రష్యన్ ఆలోచన' అనే మాసపత్రిక జూలై సంచికలో, తక్కిన రెండూ ఆగస్టు సంచికలో వచ్చాయి.

గుమాస్తా కథ ఆయన నోటుపుస్తకంలో ఎప్పట్నుంచో ఉంది. అక్కడ దాని రూపం వేరు. కాయలు పుల్లగా ఉన్నాయి, ఎంత తెలివితక్కువ పని చేశాను అనుకుని గుమాస్తా చచ్చిపోతాడు. అలాగే రాసుంటే నీతికథ అయ్యేది, మన పెద్దబాలశిక్షలో వేసుకోవచ్చు. కానీ అచ్చయిన కథలో వాడు చావడు. పుల్లకాయని తియ్యగా ఉందనుకుని తింటాడు. తప్పు తెలుసుకున్నవాడి కన్నా తెలుసుకోనివాణ్ణి చూడ్డం ఎక్కువ కష్టం. ఆ కష్టం పడడానికి పక్కన ఒక మనిషి కావాలి. అందుకే అన్నగారొచ్చాడు. అన్నగారు చెప్పుకోవాలంటే వినేవాళ్లు కావాలి. మిగతా ఇద్దరూ అలా వచ్చి ఉంటారని నాకనిపిస్తుంది.

*

మొదటి కథ రాత్రి. ఊరి చివర పల్లె పెద్ద ప్రొకోఫీ గారి గడ్డికొట్టం. వేటకెళ్లి పొద్దుపోయిన ఇద్దరు అక్కడ పడుకున్నారు. ఒకాయన పశువుల డాక్టరు ఇవాన్ ఇవానిచ్. ఆయన ఇంటిపేరు చిమ్షా హిమలైస్కీ. అవును, మన హిమాలయమే. పొడుగ్గా, సన్నగా, పెద్ద మీసాలు, ముసలాయన. గుమ్మం బయట వెన్నెల్లో కూర్చుని పైపు కాలుస్తున్నాడు. రెండో ఆయన బూర్కిన్, బడిపంతులు. లోపల ఎండుగడ్డి మీద పడుకున్నాడు, చీకట్లో మనిషి కనబడడు. మాట మాత్రం వస్తుంది.

ఆ ఇంటి ఇల్లాలు మావ్రా పుట్టిన ఊరు దాటి ఎరగదు, పట్నం చూడలేదు, రైలు చూడలేదు, పదేళ్లుగా పొయ్యి దగ్గరే ఉంటూ రాత్రిపూట తప్ప వీధిలోకి రాదని మాట మొదలైంది. అదేం వింత అంటూ బూర్కిన్ తనతో పనిచేసిన గ్రీకు పంతులు బేలికోవ్ గురించి చెప్పుకొచ్చాడు. ఎండ కాస్తున్నా రబ్బరు జోళ్లు, గొడుగు, దూది కోటు. గొడుక్కి తొడుగు, గడియారానికి తొడుగు, చాకుకి తొడుగు. నల్ల కళ్లద్దాలు, చెవుల్లో దూది. ఏం జరిగి ఏం మీదకొస్తుందోనని వాడి భయం, వాడంటే ఊరందరికీ భయం. వాడు పోయినప్పుడు శవపేటికలో ముఖం ప్రశాంతంగా, సంతోషంగా ఉందట. ఇక ఎన్నటికీ బయటికి రానక్కరలేని తొడుగు దొరికింది గదా.

కథ అయిపోయింది. బయట అడుగుల చప్పుడు. ఎవరో నాలుగడుగులు వేసి ఆగారు, మళ్లీ నడిచారు. మావ్రా అన్నాడు బూర్కిన్. అంతే. కథ చెప్పినంత సేపూ ఆవిడ మనకి గుర్తు లేదు. ఆ అడుగుల చప్పుడు విన్నాక బేలికోవ్ గ్రీకు పంతులొక్కడే కాదని తెలుస్తుంది. ఇవాన్ ఇవానిచ్‌కి నిద్ర పట్టలేదు. నేనూ ఒకటి చెప్తానన్నాడు. వద్దు, పొద్దుపోయింది, పడుకోమన్నాడు బూర్కిన్.

రెండో కథ ఆ బాకీ తీర్చడానికే మొదలవుతుంది. ఇద్దరూ పొలాలకడ్డం పడి నడుస్తున్నారు. ఆ రోజు గడ్డికొట్టంలో ఏదో చెప్పబోయారు గదా అని బూర్కినే అడిగాడు. ముసలాయన ఊపిరి పీల్చుకుని, పైపు వెలిగించి నోరు తెరిచాడో లేదో వాన. పరుగెత్తి పరుగెత్తి దగ్గర్లో ఉన్న అల్యోహిన్ అనే కమతందారు ఇంటికి చేరారు. అల్యోహిన్ తూర్పారబట్టే యంత్రం దగ్గర దుమ్ము కొట్టుకుని ఉన్నాడు. స్నానానికి దిగితే ఆయన చుట్టూ నీళ్లు ముందు మట్టిరంగుకి, తర్వాత సిరా రంగుకి తిరిగాయి. ముసలి ఇవాన్ ఇవానిచ్ వానలో ఈత కొడుతూ, మునుగుతూ, దేవుడా దేవుడా అంటూ ఎంతకీ ఒడ్డుకి రాడు. చెప్పాల్సిన కథ గొంతులోనే ఉంది. చెహోవ్ తొందరపడడు. మనల్ని తడిపి, ఒళ్లు తుడిచి, మేడ మీద దీపం వెలిగించి, పెలగేయా అనే అందమైన పనిపిల్ల చేత టీ తెప్పించి, అప్పుడు చెప్పిస్తాడు.

అదే మా మాస్టారి కథ. సుత్తి మనిషి ప్రసంగమూ అక్కడే. కానీ ఆ ప్రసంగం అవగానే ఒక వాక్యం ఉంది. ఆ కథ బూర్కిన్‌కీ నచ్చలేదు, అల్యోహిన్‌కీ నచ్చలేదని. ఆ గదిలో గోడల మీద బంగారు ఫ్రేముల్లో పూర్వకాలపు దొరసానులు, దొరలు చూస్తుంటే, ఉసిరికాయలు తిన్న గుమాస్తా సంగతి వినడం వాళ్లకి విసుగనిపించింది. పెలగేయా చప్పుడు లేకుండా నడవడమే ఏ కథకన్నా బాగుంది.

నా పాత కాపీ తీసి చూశాను. ఆ వాక్యం అందులోనూ ఉంది. పదిహేనేళ్లుగా ఉంది. ప్రసంగం వెలుగులో నా కంటికి ఆనలేదు. ఆ మాటలు చెహోవ్ మనతో చెప్పినవి కాదు. ఒక ముసలాయన వాన రాత్రి ఇద్దరు స్నేహితులతో చెప్పుకున్నవి. ఆయన, నేను ముసలాణ్ణయిపోయాను, వయసులో ఉంటే బాగుండును అని అల్యోహిన్ చేతులు పట్టుకుని బతిమాలుకున్నాడు. తర్వాత దుప్పటి కప్పుకుని పడుకున్నాడు. బల్ల మీద ఆయన పైపు కమురు కంపు కొడుతోంది. ఆ వాసన ఎక్కణ్ణుంచి వస్తోందో తెలియక బూర్కిన్‌కి చాలాసేపు కన్ను మూతపడలేదు. రాత్రంతా కిటికీ అద్దాల మీద వాన కొడుతూనే ఉంది. సుత్తి దెబ్బ అదేనేమో. మూడు కథలూ కలిపి చదివేదాకా నేనా వాన వినలేదు.

మూడో కథ తెల్లారాక. ఇంకా ముసురే. ఫలహారాల దగ్గర కూర్చున్నారు. వంటవాడు నికనోర్ మధ్యాహ్నానికి ఏం చెయ్యమంటారని అడిగి వెళ్లాడు. రాత్రి అంత నాజూగ్గా నడిచిన పెలగేయా ఆ తాగుబోతు వంటవాణ్ణి ప్రేమించిందనీ, వాడు తాగొచ్చి కొడతాడనీ అల్యోహిన్ చెప్పాడు. ప్రేమ ఎలా పుడుతుందో ఎవడికి తెలుసు అంటూ మెల్లిగా తన సంగతిలోకి దిగాడు. పట్నంలో ఒక జడ్జీగారి భార్య, అన్నా అలెక్సేయెవ్నా. పిల్లల తల్లి. ఏళ్ల తరబడి ఇద్దరూ పక్కపక్కన కూర్చుని నాటకాలు చూశారు, ఎవరూ పెదవి విప్పలేదు. ఆవిడ ఊరు విడిచి వెళ్తున్న రోజు, రైలు పెట్టెలో, మూడో గంట కొట్టే ముందు విప్పారు. తర్వాత అతను పక్క పెట్టెలోకి వెళ్లి కూర్చుని, వచ్చే స్టేషను దాకా ఏడ్చి, దిగి నడుచుకుంటూ ఇంటికొచ్చాడు.

ఈలోపల వాన వెలిసి ఎండొచ్చింది. వినేవాళ్లిద్దరూ వసారాలోకి వెళ్లి నిలబడ్డారు. ఏరు అద్దంలా మెరుస్తోంది. అప్పుడు చెహోవ్ ఒక్క మాట కలిపాడు. ఆ అన్నా అలెక్సేయెవ్నాని వాళ్లిద్దరూ పట్నంలో చూశారు. బూర్కిన్‌కి ఆవిడతో పరిచయం కూడా ఉంది. అంత సేపూ అతను ఎవరి గురించి వింటున్నాడో తెలిసే విన్నాడు. నోరు మెదపలేదు.

*

మొదటి రోజు బూర్కిన్ చెప్పింది పరాయివాడి కథ. వాడి గురించి నవ్వుతూ చెప్పాడు. తర్వాత ఇవాన్ ఇవానిచ్ చెప్పింది తోడబుట్టినవాడి కథ. నవ్వు రాలేదు, కోపమొచ్చింది. ఆఖర్న అల్యోహిన్ చెప్పింది తన కథ. నవ్వూ లేదు, కోపమూ లేదు. చీకట్లో మొదలై, వానలో తడిసి, ఎండలోకి వచ్చింది. కథల్లోని ముగ్గురికీ జబ్బు ఒకటే, తొడుగులో బతకడం. గొడుగు తొడుగు అందరికీ కనబడుతుంది, తోట తొడుగు అన్నకి కనబడింది, మర్యాద అనే తొడుగు తొడుక్కున్నవాడికి అది పోయాకే కనబడింది. ఎవరూ ముందుగా తన సంగతి చెప్పరు. ముందు ఊళ్లోవాడి కథ నడవాలి, తర్వాత అయినవాడి కథ నడవాలి, విన్నవాడు నవ్వకుండా ఉన్నాడని నమ్మకం కుదరాలి. అప్పుడు గానీ మనిషి తన కథకి రాడు. ఆ వరుసే మూడింటినీ కట్టిన తాడు.

ఒక కథ విడిగా చదివి పొరపడ్డవాణ్ణి నేనొక్కణ్ణే కాదు. ఆ అవీలవా ఉన్నారు గదా, ఆవిడా రచయిత్రే, పెళ్లయి ముగ్గురు పిల్లలు. ఆగస్టు సంచిక తెప్పించుకుంది. 'ప్రేమ గురించి' అన్న ఆ మూడో కథ పేరు చూసే గుండె ఆగినంత పనైందని, చదువుతుంటే కన్నీళ్లతో అక్షరాలు కనబడలేదని తన జ్ఞాపకాల్లో రాసుకుంది. అన్నా అలెక్సేయెవ్నా తనే అనుకుంది. తన బతుకుని కథగా మార్చి అందరికీ పంచిపెట్టాడని కోపంతో ఉత్తరం రాసింది. నిజం ఎంతో వాళ్లిద్దరికే తెలియాలి. చెహోవ్ ఉద్దేశం ఆవిడ అనుకున్నంత సూటిగా లేదనేవాళ్లే పండితుల్లో ఎక్కువ. నాకు మాత్రం ఆవిడ మీద జాలి. ఆవిడ చూసింది ఆఖరిగది మాత్రమే. అక్కడికి రావడానికి గడ్డికొట్టంలో ఒక రాత్రి, వానలో ఒక సాయంత్రం గడపాలని ఆవిడకి తోచలేదు. తన పేరు ఎవరో పిలిచినట్టు తిన్నగా లోపలికి వచ్చేసింది.

ఇలా కథకి కథ ముడివెయ్యడం రష్యన్లకి కొత్త కాదు. 1830లో కలరా కట్టడిలో బోల్దినో అనే పల్లెలో చిక్కుకుపోయిన పూష్కిన్ ఐదు కథలు రాసి, చనిపోయిన బెల్కిన్ అనేవాడి పేరు పెట్టి వదిలాడు. లేర్మొంతొవ్ 1840లో అచ్చేసిన పుస్తకంలో ఐదు కథల వరుసనే తారుమారు చేశాడు. కథానాయకుడు పోయాడన్న కబురు పుస్తకం మధ్యలోనే తెలుస్తుంది, తర్వాత అతనే మాట్లాడతాడు. తుర్గేనెవ్ వేటగాడు 1852లో తుపాకి భుజాన వేసుకుని బానిస రైతుల గుడిసెల్లోకి నడిచాడు. చెహోవ్ వేటగాళ్లు ఆ వేటగాడి మనవలే. ఆ తర్వాత 1926లో బాబెల్ గుర్రపు దళం కథలొచ్చాయి, అదొక వేరే నిప్పు.

మనకి మాత్రం కొత్తా? భేతాళుడు శవంలోంచి కథ చెప్పి, విక్రమార్కుడు నోరు విప్పగానే మళ్లీ చెట్టెక్కేవాడు. మన రాజమండ్రి మధిర సుబ్బన్న దీక్షితులు గారి కాశీమజిలీ కథల్లో మణిసిద్ధుడు మజిలీ మజిలీకీ గోపకుమారుడికి కథ చెప్పేవాడు. వినేవాడు అడగకపోతే కథ లేదు, కథ లేకపోతే నడక సాగదు. ఈ కాలంలో సత్యం శంకరమంచి గారి అమరావతి కథలు, వంశీ గారి మా పసలపూడి కథలు వచ్చాయి. వాటిని కట్టింది ఊరు. ఒక కథలో దారిన పోయినవాడు ఇంకో కథలో గుమ్మం ముందు నిలబడతాడు, ఏరు అన్నిట్లోనూ పారుతుంది. నాకు ప్రాణమైన పుస్తకాలవి. చెహోవ్ కట్టు వేరు. ఆయన మూడు కథల్నీ కట్టింది ఊరు కాదు, వినడం.

ఆ మూడూ మూడుగానే ఆగిపోవాలని ఆయన అనుకోలేదు. 1898 సెప్టెంబరులో ఆరోగ్యం కోసం సముద్రపుటొడ్డున యాల్తాకి వెళ్లాడు. అక్కడుండగానే అక్టోబరు 12న, వాళ్ల పాత పంచాంగం ప్రకారం, మాస్కోలో ఆపరేషన్ జరిగి తండ్రి పోయాడు. వెళ్లలేకపోయాడు. మెలిహొవోలో వచ్చేపోయేవాళ్ల పేర్లు రాసే పుస్తకం మూతపడింది. మరుసటేడు ఆ ఇల్లూ తోటా అమ్మేశారు. అదే 1899లో మార్క్స్ అనే ప్రచురణకర్తకి 75,000 రూబుళ్లకి తన రచనలన్నీ అమ్మినప్పుడు, ఆ ఆఫీసుకి రాసిన ఉత్తరంలో ఈ మూడు కథల్నీ అప్పుడే అచ్చుకి ఎక్కించొద్దన్నాడు. అవి ఒక వరుసలోవి, వరుస పూర్తి కాలేదు, అయ్యాక పదకొండో సంపుటంలోనో పన్నెండో దాంట్లోనో వేద్దురుగాని అని. ఎదురుచూశారు. నాలుగోది రాలేదు. 1904 జూలైలో జర్మనీలో ఆయనా పోయాడు. వసారాలో నిలబడి ఏటివంక చూస్తున్న ఆ ఇద్దరూ అక్కణ్ణుంచి ఎటు నడిచారో తెలియదు.

*

నేనీ మూడూ వరుసగా చదివింది 1996 నవంబరులో.

ఆ నెల 6వ తేదీ రాత్రి తుఫాను కోనసీమని ఏం చేసిందో మావాళ్లకి చెప్పక్కర్లేదు. తూర్పున ముమ్మిడివరం, కాట్రేనికోన, ఐ.పోలవరం వైపు పడ్డ దెబ్బ ముందు పడమటి కొసన ఉన్న మాది తక్కువే. ఆ తుఫానులో వెయ్యి మందికి పైగా పోయారు. మా వీధిలో మనుషులు మిగిలారు, చెట్లు పోయాయి. తెల్లారి చూస్తే కొబ్బరి మొవ్వులు మెలిపెట్టి పిండినట్టున్నాయి. తోటలో నిలబడితే ఆకాశం అంత ఉంటుందని అప్పుడే తెలిసింది. కొబ్బరిచెట్టు పడిపోతే మళ్లీ మొక్క పెట్టి కాపు కొయ్యాలంటే పిల్లాడు పెద్దవాడవ్వాలి.

చాలా రోజులు కరెంటు లేదు. చీకటిపడితే మా వీధరుగు మీద హరికేన్ లాంతరు చుట్టూ నలుగురు చేరేవారు. ఆ లాంతరు వెలుగులోనే వాళ్లు వెళ్లాక పుస్తకం చదివేవాణ్ణి. అందుకే కాబోలు అరుగు మీద జరిగేదీ పుస్తకంలో జరిగేదీ నాకు ఒకదానిలోంచి ఒకటి వినబడింది.

పక్కింటి బాబాయిగారు రోజూ వచ్చేవారు. మొదటి రాత్రి ఆయన చెప్పిందంతా అవతలి ఊరి సంగతి. ఎవరో మోతుబరి ఇనప్పెట్టె పట్టుకుని చూరు కింద రాత్రంతా కూర్చున్నాడట, ఆ పెట్టెలో తీరా చూస్తే తడిసిన దస్తావేజులట. అందరం నవ్వాం. మర్నాడు వాళ్ల అన్నగారి సంగతి. పడిపోయిన చెట్ల లెక్క రాయించడానికి వచ్చినవాళ్లకి, తన సరిహద్దులో తమ్ముడి చెట్లు నాలుగు కలిపి చెప్పాడట. "ఒక కడుపున పుట్టాం గదరా అబ్బాయ్" అని ఆయన గొంతు పెంచారు. ఎవరూ నవ్వలేదు.

మూడోనాడు మిగతావాళ్లు రాలేదు. ముసురు పట్టింది. ఆయనొక్కరే తువ్వాలు నెత్తిన వేసుకుని వచ్చి కూర్చున్నారు. లాంతరు ఒత్తి తగ్గించమన్నారు, కిరసనాయిలు దండగ అని. చాలాసేపు ఊరుకుని, "గాలి తిరగబడ్డప్పుడు నాకు ఇల్లు గుర్తు రాలేదురా. చెట్లూ గుర్తు రాలేదు. చిన్నాడు ఎక్కడున్నాడో అనిపించింది" అన్నారు.

చిన్నాడంటే ఆయన రెండో కొడుకు. తోట పంపకాల దగ్గర మాటా మాటా అనుకుని ఇల్లు వదిలి ఆరేళ్లయింది. ఆ ఇంట్లో వాడి పేరు ఎత్తేవారు కాదు. నా బెంచీవాడు వాడు. ఉసిరికాయల కథ చెప్పిన రోజు నా పక్కనే కూర్చున్నాడు.

ఆ రోజు తనేమన్నారో, వాడేమన్నాడో, పళ్లెం ముందు కూర్చున్నవాణ్ణి లెమ్మన్నానని, వాడు చెయ్యి కడుక్కోకుండానే వెళ్లిపోయాడని, అన్నీ చెప్పారు. తన తప్పు అనలేదు, వాడి తప్పనీ అనలేదు. నేను లాంతరువంక చూస్తూ విన్నాను. నెల్లాళ్ల కిందట సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నర్సాపురం వెళ్తే, బజార్లో ఒక కొట్టు ముందు వాడు నాకు కనబడ్డాడు. టీ తాగించాడు. లేస్తూ లేస్తూ, ఇటు చూడకుండా, "నాన్న మోకాలి నొప్పి ఎలా ఉంది?" అన్నాడు. చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు.

బూర్కిన్ వసారాలోకి వెళ్లి ఏరు చూశాడు. నాకు అరుగు దిగితే బురద.

"బాబాయిగారూ, వాడు నర్సాపురంలో ఉన్నాడండీ. నెల కిందట చూశాను. మీ మోకాలు ఎలా ఉందని అడిగాడు" అన్నాను.

ఆయన కదల్లేదు. చూరు నీళ్లు పడుతున్న చోటే చూస్తూ ఉండిపోయారు. ఎంతసేపటికో తువ్వాలు తీసి ముఖం తుడుచుకుని నా వైపు తిరిగారు.

"చిక్కిపోయాడేంట్రా?" అన్నారు.